400 ఫిల్మ్‌ను 1600లో వాడితే నిజంగా ఏమవుతుంది? కొండగట్టులో పోయిన రీలు నేర్పిన పాఠం

ఫోన్‌లో చీకట్లో ఫొటో తీయడం ఇప్పుడు పెద్ద విషయమే కాదు. నైట్ మోడ్ ఆన్ అవుతుంది, రెండు మూడు సెకండ్లు చెయ్యి కదపకుండా పట్టుకుంటాం, అంతే. ఆ రెండు మూడు సెకండ్లు ఎందుకు కావాలో నాకు సరిగ్గా అర్థమైంది ఫోన్ రివ్యూలు చదివి కాదు, 36 ఫొటోల బ్లాక్ అండ్ వైట్ రీలు ఒకటి మొత్తం పాడు చేసుకున్నాక. రీలు అంటే ఇన్‌స్టా రీల్ కాదు ఫ్రెండ్స్, నిజమైన కెమెరా రీలు.

పోయినేడు పెద్ద హనుమాన్ జయంతికి బాపు 41 రోజుల ఆంజనేయ దీక్ష విరమించడానికి కొండగట్టు పోయాడు. నేనూ వెంట వెళ్లాను. కరీంనగర్, జగిత్యాల రోడ్డు మీద మల్యాల మండలంలో ఉంటుంది ఈ గుట్ట. జయంతి ముందు రోజు రాత్రి నుంచే కాషాయ బట్టల్లో మాలధారులు గుంపులు గుంపులుగా నడిచి వస్తుంటారు. మెట్ల మీద, క్యూలైన్ల దగ్గర అక్కడక్కడ లైట్లు, మధ్యలో చీకటి. పాత మాన్యువల్ కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలు పట్టుకెళ్లాను. అది 400 ఐఎస్‌ఓ ఫిల్మ్. కెమెరాలో డయల్ 1600కి తిప్పి, "నాలుగు రెట్లు స్పీడ్ వచ్చింది" అనుకున్నాను.

ఇంటికొచ్చి ఫిల్మ్ కడిగితే ట్యూబ్‌లైట్లన్నీ నెగెటివ్ మీద నల్లటి ముద్దల్లా ఉన్నాయి. బాపు ముఖం ఉండాల్సిన చోట ఫిల్మ్ అద్దంలా ఖాళీగా ఉంది. స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో చూపిస్తే బాపు అడిగింది ఒక్కటే: "ఇండ్ల నేనేడున్న బిడ్డా?"

ఈ ఆర్టికల్ ఆ ప్రశ్నకు జవాబు. హై స్పీడ్ ఫిల్మ్ ఎలా పనిచేస్తుంది, లైట్ ఎలా కొలవాలి, మన ఎండాకాలంలో ఇంట్లో ఎలా కడగాలి, మూడూ చూద్దాం.

డయల్ తిప్పితే ఫిల్మ్ మారదు

ముందు ఒక బేసిక్ పాయింట్. ఫోన్‌లో ఐఎస్‌ఓ పెంచితే సెన్సర్ నుంచి వచ్చిన సిగ్నల్ పెద్దదవుతుంది. సెన్సర్ మీద పడ్డ వెలుతురు మాత్రం పెరగదు. ఫిల్మ్ కెమెరాలో అది కూడా జరగదు. ఆ డయల్ మీటర్‌కు మాత్రమే చెబుతుంది, "నేను 1600 ఫిల్మ్ వేశాననుకో, దానికి తగ్గట్టు లెక్క చెప్పు" అని. లోపలి ఫిల్మ్‌కు ఈ సంగతే తెలియదు. అందుకే డయల్ మీద మనం పెట్టే నంబర్‌ను ఐఎస్‌ఓ అనకుండా ఎక్స్‌పోజర్ ఇండెక్స్, షార్ట్‌గా ఈఐ అంటారు. ఫిల్మ్ ఐఎస్‌ఓ ఫ్యాక్టరీలో ఫిక్స్ అయిపోయింది. ఈఐ మన నిర్ణయం.

ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో సిల్వర్ హాలైడ్ రేణువులు ఉంటాయి. ఒక రేణువు మీద కాస్త వెలుతురు పడితే అందులో కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరతాయి. నాలుగైదు పరమాణువులు కలిస్తే చాలు, డెవలపర్‌లో పడగానే ఆ రేణువు మొత్తం వెండిగా, అంటే నలుపుగా మారుతుంది. ఇంత చిన్న గుర్తును కోట్ల రెట్లు పెద్దది చేసే ఆంప్లిఫయర్ డెవలపర్. కానీ ఆ నాలుగు పరమాణువులూ చేరని రేణువు దగ్గర దానికి పట్టు దొరకదు. ఎంతసేపు కడిగినా అక్కడ బొమ్మ రాదు, పొగలాంటి మసక మాత్రం వస్తుంది.

పుష్ చేయడం అంటే తక్కువ వెలుతురు ఇచ్చి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచడం. దీనివల్ల ఇప్పటికే బాగా వెలుతురు తిన్న భాగాలు ఇంకా నల్లబడతాయి, మధ్యస్థంగా ఉన్నవి కాస్త పైకొస్తాయి, నీడలు దాదాపు అక్కడే ఉండిపోతాయి. అంటే పుష్ పెంచేది కాంట్రాస్ట్‌ను. స్పీడ్‌ను కాదు. నా మొదటి రీలులో లైట్లు ముద్దలైపోయి ముఖం మాయమైంది ఇందుకే.

మరి నైట్ మోడ్‌కు ఎలా సాధ్యమైంది? అది చాలా ఫ్రేములు వరుసగా తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు చేస్తుంది. 9 ఫ్రేములు కలిపితే నాయిస్ దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. అంటే ఫోన్ కూడా మ్యాజిక్ చేయడం లేదు, ఎక్కువసేపు వెలుతురు పోగు చేస్తోంది. అందుకే నడిచే మనిషి దగ్గర దానికీ కష్టమే. ఫిల్మ్‌కు ఒక్క ఫ్రేమే, ఒక్క ఛాన్సే.

ఏ ఫిల్మ్ కొనాలి?

హై స్పీడ్ బ్లాక్ అండ్ వైట్‌లో ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది 400 ఫిల్మ్‌లు. కొడాక్ ట్రై-ఎక్స్ 400, ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఇందులో పాత కాపులు. ట్రై-ఎక్స్ 35 ఎంఎం రూపంలో 1954లో వచ్చింది, హెచ్‌పీ5 ప్లస్ 1989లో. తప్పులను బాగా భరిస్తాయి, పుష్‌కు బాగా లొంగుతాయి.

రెండోది డబ్బా మీద 3200 అని రాసి ఉండేవి. ఇల్ఫోర్డ్ డెల్టా 3200, కొడాక్ టీ-మ్యాక్స్ పీ3200. ఇక్కడ స్పెక్ షీట్ చదివే అలవాటు పనికొస్తుంది. డెల్టా 3200 అసలు ఐఎస్‌ఓ 1000 అని ఇల్ఫోర్డే తన డేటా షీట్‌లో రాసింది. 3200 అనేది పుష్ చేసి వాడమని ఇచ్చే నంబర్. ఫోన్ బాక్స్ మీద "100 ఎక్స్ జూమ్" లాంటిదే అనుకోండి. అబద్ధం కాదు, కానీ పూర్తి కథ కూడా కాదు. 1000 అన్నా 400 కన్నా ఒక స్టాప్‌కు పైనే నిజమైన లాభం. గ్రెయిన్ పెద్దగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. నేర్చుకోవడానికి 400 ఫిల్మ్ చాలు.

లైట్ కొలవడం: మీ ఫోనే స్పాట్ మీటర్

నా మొదటి తప్పు ఇక్కడే. పాత కెమెరా మీటర్ ఫ్రేమ్ మొత్తానికి సగటు తీస్తుంది. ఫ్రేమ్‌లో ట్యూబ్‌లైట్లు ఉంటే "అబ్బో, చాలా వెలుతురు ఉంది" అనుకుంటుంది. నాకు ఎఫ్/2 దగ్గర 1/500 చూపించింది. నేను నమ్మాను.

ఈ ఏడు బాపు 11 రోజుల దీక్ష వేసుకున్నాడు. మళ్లీ వెళ్లాం. ఈసారి ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ వేసుకున్నాను. ఇలాంటి యాప్‌లలో స్పాట్ మోడ్ ఉంటుంది, స్క్రీన్ మీద ఎక్కడ ట్యాప్ చేస్తే అక్కడి వెలుతురే కొలుస్తుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: మీటర్ దేన్ని చూసినా అది మధ్యస్థ బూడిద రంగులో రావాలనే లెక్క చెబుతుంది. నల్ల గొంగడిని చూపించినా, తెల్ల ధోతిని చూపించినా అంతే. కాబట్టి నీడను కొలిస్తే, ఆ నీడ నీడలాగే రావడానికి మీటర్ చెప్పినదాని కన్నా రెండు స్టాపులు తక్కువ ఇవ్వాలి. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ తయారు చేసిన జోన్ సిస్టమ్‌లో దీన్నే నీడను మూడో జోన్‌లో పెట్టడం అంటారు. ముదురుగా ఉంటుంది, కానీ వివరం కనిపిస్తుంది.

క్యూలైన్ పక్కన అదే చోట బాపు ముఖంలో నీడ పడ్డ వైపు కొలిచాను. 400 దగ్గర, ఎఫ్/2కి 1/8 సెకండ్ చూపించింది. రెండు స్టాపులు తగ్గిస్తే 1/30. అంటే ఆ ముఖానికి 400 ఫిల్మ్ నిజంగా అడుగుతున్నది 1/30. పోయినేడు నేనిచ్చింది 1/500. నాలుగు స్టాపుల తేడా, అంటే కావాల్సిన వెలుతురులో 16వ వంతు. బాపు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఫిల్మ్ మీద ఆయన పడనే లేదు.

మరి 1/30 పెడితే సరిపోతుందా? స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగపట్టి తీస్తే నిలబడ్డ మనిషి వరకు ఓకే. కానీ జనం కదులుతుంటారు. కనీసం 1/60 కావాలనుకున్నాను. అది ఒక స్టాప్ తక్కువ, అంటే ఈఐ 800. నీడలో కొంచెం వివరం పోతుందని తెలిసే ఒప్పుకున్నాను. 1600 అవసరమే రాలేదు. మొత్తం ఆర్టికల్‌లో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే: ఎంత పుష్ చేయగలం అని కాదు, ఎంత తక్కువ పుష్‌తో పని అవుతుంది అని చూడాలి.

ఇంకో రెండు విషయాలు. మన చామనఛాయ ముఖం వెలుతురు పడ్డ వైపు మీటర్ చెప్పినంతే ఇస్తే సరిగ్గా వస్తుంది. పాశ్చాత్య పుస్తకాల్లో ముఖానికి ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వమని ఉంటుంది, అది తెల్లటి చర్మానికి చెప్పిన లెక్క. రెండోది రంగు. కాషాయ బట్ట, సింధూరం, మన ముఖం బ్లాక్ అండ్ వైట్‌లో దగ్గర దగ్గర బూడిద రంగులుగానే వస్తాయి. కాబట్టి ముఖాన్ని బట్ట నుంచి వేరు చేసేది రంగు కాదు, పక్క నుంచి పడే వెలుతురు. లైట్ కింద నేరుగా కాకుండా, లైట్‌కు కాస్త పక్కగా మనిషి వచ్చినప్పుడు క్లిక్ చేయండి.

ఫోన్‌కూ ఫిల్మ్‌కూ ఇంకో పెద్ద తేడా ఉంది. ఫోన్‌లో ప్రతి ఫొటోకు ఐఎస్‌ఓ మార్చుకోవచ్చు. రీలు మొత్తాన్ని ఒకేసారి కడుగుతాం కాబట్టి 36 ఫొటోలకూ ఒకే డెవలపింగ్ టైమ్. వెళ్లే ముందే నిర్ణయించుకుని డబ్బా మీద పెన్నుతో "800" అని రాసుకోండి. దొరికిన చోట ఎక్కువ వెలుతురు ఇస్తే నష్టం లేదు, తక్కువ ఇస్తేనే సమస్య.

స్టాండ్ పెట్టి సెకండ్ కన్నా ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే ఫిల్మ్ మందగిస్తుంది. హెచ్‌పీ5 ప్లస్‌కు మీటర్ 4 సెకండ్లు చెబితే సుమారు 6, 10 చెబితే సుమారు 20 సెకండ్లు ఇవ్వాలి.

గర్భగుడి లోపల కెమెరా తీయకండి, ఫ్లాష్ అసలే వద్దు, ముఖం దగ్గరగా తీసేముందు ఒక మాట అడగండి. దీక్షలో ఉన్నవాళ్లను "స్వామీ" అని పలకరిస్తే నవ్వుతూ నిలబడతారు.

కడగడం: 20 డిగ్రీలు ఎక్కడి నుంచి తేవాలి?

ఇల్ఫోర్డ్ ఐడీ-11 డెవలపర్‌ను నీళ్లు కలపకుండా స్టాక్‌గానే వాడితే, 20 డిగ్రీల దగ్గర హెచ్‌పీ5 ప్లస్‌కు టైములు ఇవి:

- ఈఐ 400: 7 నిమిషాల 30 సెకండ్లు
- ఈఐ 800: 10 నిమిషాల 30 సెకండ్లు
- ఈఐ 1600: 14 నిమిషాలు

ఎక్కువగా పుష్ చేసేవాళ్లు మైక్రోఫెన్ డెవలపర్ చూడొచ్చు, అది నీడలకు కాస్త ఎక్కువ సాయం చేస్తుంది.

ఇప్పుడు అసలు సమస్య. మే నెలలో మా దగ్గర 20 డిగ్రీల నీళ్లు ఎక్కడుంటాయి? మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడి. పోయినేడు నేను సాయంత్రం నల్లా తిప్పి 31 డిగ్రీల నీళ్లతో 14 నిమిషాలు కడిగాను. డిగ్రీ పెరిగిన కొద్దీ టైమ్ సుమారు 10 శాతం తగ్గించాలి. ఆ లెక్కన 31 దగ్గర 14 నిమిషాల పని నాలుగున్నర నిమిషాల్లో అయిపోతుంది. నేను మూడు రెట్లకు పైగా ఉడికించానన్నమాట. లైట్లు ముద్దలవడానికి రెండో కారణం ఇది. అలాగని నాలుగున్నర నిమిషాలు కడగడమూ మంచిది కాదు. 5 నిమిషాల కన్నా తక్కువైతే మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఈసారి 24 డిగ్రీలు టార్గెట్ పెట్టుకున్నాను. ప్లాస్టిక్ టబ్బులో రంజన్ నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన రెండు వాటర్ బాటిళ్లు వేసి, కెమికల్ సీసాలన్నీ అందులో గంటసేపు నిలబెట్టాను. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, పలచబడుతుంది. ఈఐ 800కి 10:30, నాలుగు డిగ్రీలు ఎక్కువ కాబట్టి దాదాపు 7 నిమిషాలు. డిజిటల్ థర్మామీటర్ కొనండి. ఈ పనిలో కెమెరా తర్వాత ముఖ్యమైన గ్యాడ్జెట్ అదే.

స్టెప్పులు ఇలా:

1. ఎక్కించడం. డార్క్ బ్యాగులో ఫిల్మ్‌ను స్పైరల్ మీదకు ఎక్కించాలి. ఎండాకాలం చేతులకు చెమట పట్టి ఫిల్మ్ మధ్యలో అతుక్కుపోతుంది. తెల్లవారుజామున, ఫ్యాన్ కింద, పూర్తిగా ఆరిన స్పైరల్‌తో చేయండి. ముందు పనికిరాని రీలుతో వెలుతురులో నాలుగైదు సార్లు ప్రాక్టీస్ చేయండి.
2. డెవలపర్. పోయగానే మొదటి 10 సెకండ్లలో ట్యాంకును 4 సార్లు తలకిందులు చేయండి. తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ 4 సార్లు. ప్రతిసారీ ట్యాంకును నేల మీద మెల్లగా తట్టండి, గాలి బుడగలు పోతాయి. తొందరలో ఎక్కువ ఊపితే కాంట్రాస్ట్ ఇంకా పెరుగుతుంది.
3. స్టాప్ బాత్. 10 నుంచి 30 సెకండ్లు. డెవలపింగ్ అక్కడికక్కడ ఆగిపోతుంది.
4. ఫిక్సర్. రీలు మొదట్లో కత్తిరించిన ముక్కను ముందే ఫిక్సర్‌లో వేసి, అది పారదర్శకం కావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. దానికి రెట్టింపు టైమ్ మీ ఫిక్సింగ్ టైమ్.
5. కడుగు. నీళ్లు నింపి 5 సార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఇల్ఫోర్డ్ చెప్పే పద్ధతి ఇది, నీళ్లు కూడా ఆదా. ఈ నీళ్లు కూడా అదే 24 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. ఒక్కసారిగా వేడి నీళ్లు తగిలితే జెలటిన్ ముడతలు పడే ప్రమాదం ఉంది.
6. ఆరబెట్టడం. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరాక తెల్ల మచ్చలు పడతాయి. చివరి నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది, అందులో వెటింగ్ ఏజెంట్ రెండు చుక్కలు. ఫ్యాన్ ఆపేసిన బాత్రూమ్‌లో క్లిప్పు పెట్టి వేలాడదీయండి, దుమ్ము తక్కువ.

గ్లోవ్స్ వేసుకోండి. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, చెట్ల మొదట్లో పోయకండి.

నెగెటివ్‌ను చదవడం

రీలు చెడితే తప్పు తీయడంలో జరిగిందా, కడగడంలో జరిగిందా? దీనికి మంచి డీబగ్ లాగ్ ఫిల్మ్ అంచులోనే ఉంది. అంచున ఉండే ఫ్రేమ్ నంబర్లు, ఫిల్మ్ పేరు ఫ్యాక్టరీలోనే ఎక్స్‌పోజ్ చేసి పంపుతారు. మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు, డెవలపర్‌తో మాత్రమే ఉంది.

- అంచు అక్షరాలు పలచగా ఉంటే: తక్కువ కడిగారు.
- అక్షరాలు బాగున్నాయి, నీడలు ఖాళీ: వెలుతురు తక్కువ ఇచ్చారు.
- అక్షరాలు మరీ నల్లగా, చుట్టూ మసక: ఎక్కువ కడిగారు.

నా పాత నెగెటివ్ మళ్లీ తీసి చూశాను. అక్షరాలు కాటుకలా నల్లగా, ముఖాల దగ్గర ఖాళీ. రెండు తప్పులూ ఒకే రీలులో.

స్కానర్ లేకపోతే ట్యాబ్ మీద తెల్ల స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి, నెగెటివ్‌ను దానికి రెండు మూడు సెంటీమీటర్లు పైన పట్టుకుని, ఫోన్‌లో రా మోడ్‌లో తీయండి. స్క్రీన్‌కు ఆనించి పెడితే పిక్సెల్స్ కనిపిస్తాయి. తర్వాత ఎడిటింగ్ యాప్‌లో కర్వ్‌ను తలకిందులు చేస్తే ఫొటో.

ఈసారి ఏమొచ్చింది?

కొత్త రీలులో 36లో ఓ పదకొండు బాగున్నాయి. మిగతావి కదిలిపోయాయి, లేదా ఫోకస్ తప్పింది. 1/60తో చీకట్లో అది మామూలే. గ్రెయిన్ కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ చుట్టూ వెలుతురు కాస్త వ్యాపించింది. కానీ మాల తీసే ముందు మెట్ల దగ్గర కూర్చున్న ఫొటోలో బాపు ముఖం నీడ వైపు కూడా ఉంది. కంటి కింద ముడత, నుదుటి బొట్టు అంచు, తెల్లబడ్డ గడ్డం, అన్నీ ఉన్నాయి.

అదే రాత్రి ఫోన్‌తో తీసిన ఫొటో దీనికన్నా షార్ప్‌గా, నాయిస్ లేకుండా ఉంది. ఆ నిజం దాచను. కాకపోతే అక్కడ ఏ నీడను కాపాడాలో ఫోన్ నిర్ణయించింది. ఇక్కడ నేను నిర్ణయించాను. ఇప్పుడు ఫోన్‌లో ప్రో మోడ్ వాడినా ముందు నీడనే ట్యాప్ చేసి చూస్తున్నాను, ఐఎస్‌ఓ సంగతి తర్వాత.

పోయినేడాది రాత్రి మాత్రం తిరిగి రాదు. 41 రోజుల దీక్ష విరమించిన ముఖం ఏ డెవలపర్‌తోనూ రాదు, ఎందుకంటే ఆ వెలుతురు ఫిల్మ్ దాకా చేరనే లేదు.

కొత్త ప్రింట్ బాపు చేతిలో పెట్టాను. కాసేపు చూసి, "ఇంకోటి కడిగియ్యి బిడ్డా, గురుస్వామికిస్త" అన్నాడు. ఈ రివ్యూకు రేటింగ్ అదే.